సిద్ధయ్య పూలకి పోయిన దారిలో నాయనతో ఐదు రోజులు

మొదటి రోజు: కర్నూలు నుంచి బనగానపల్లె

పొద్దున ఆరుకల్లా బయల్దేరాలనుకున్నాం, ఎనిమిదిన్నర అయింది. కారణం సంచులు. నాయన రెండు నెలలుగా కుట్టిపెట్టుకున్న గుడ్డ సంచులు అరవై. అన్నీ పాత కటింగ్ ముక్కలతో చేత్తో కుట్టినవే, ఒక పక్క షర్టు గుడ్డ ఇంకో పక్క ప్యాంటు గుడ్డ, ప్రతి సంచికీ బయట ఒక జేబు, జేబులో ఒక చీటీ. డిక్కీలో పెడదామంటే వద్దంట, చేతికి అందేట్టు వెనక సీట్లో ఉండాలంట, అంటే అమ్మ ఒళ్ళో అన్నమాట. అమ్మ ఒక చేత్తో షుగర్ మాత్రల డబ్బా, ఇంకో చేత్తో సంచుల మూట పట్టుకోని "ఈ మనిషితో నలభై ఆరేండ్లు, ఇంగ సంచులొక్కటే తక్కువైనాయి" అనుకుంటా కూర్చుంది.

చీటీ సంగతి చెప్పకపోతే ఈ ట్రిప్పు ఏందో మీకు అర్థం కాదు. నాయన కర్నూలు వన్ టౌన్‌లో నలభై రెండేండ్లు టైలరు. ఆయన కుట్టిన ప్రతి చొక్కా జేబులో చిన్న కాగితం ఉంటుంది, బిల్లు బుక్కు వెనక చించిన ముక్క, దాని మీద బ్రహ్మంగారి తత్వం రెండు లైన్లు పెన్సిల్‌తో. పెన్సిలే ఎందుకంటే ముందు పెన్నుతో రాసేవాడు, ఒక పెద్దమనిషి ధవళ వస్త్రాన్ని వాళ్ళింట్లో చూడకుండా నీళ్ళల్లో ముంచినారు, జేబు మీద నీలం మరక, అంగడి ముందర పెద్ద రభస. నాయన ఒక్క మాట మాట్లాడకుండా కొత్త గుడ్డ తెచ్చి ఇంకో చొక్కా ఊరికే కుట్టిచ్చినాడు, దాంట్లో కూడా చీటీ పెట్టినాడు, ఈసారి పెన్సిల్. రెండు మీటర్ల టెరికాటన్ నీ తత్వానికి బలి అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

చిన్నప్పుడు గుండీలు కుట్టేది, చీటీలు పెట్టేది నా పని. ఎనిమిదో తరగతిలో మా లెక్కల సారు చొక్కా మా అంగట్లోనే కుట్టినాం, ఆయన క్లాసులో జేబులోంచి ఆ కాగితం తీసి అందరి ముందర చదివి "ఏమ్మా, మీ నాయన చొక్కా కుట్టమంటే గురుబోధ కుట్టినాడే" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ నెలంతా చీటీలు జేబుల్లో పెట్టకుండా మురిక్కాలవలో పడేసినా. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

ఇప్పుడు అంగడి లేదు, రెడీమేడ్లొచ్చి గిరాకీ సగమైంది, ఆ తర్వాత కంట్లో శుక్లాల ఆపరేషన్, రెండేండ్లయింది మూసేసి. కుట్టేదానికి చొక్కాలు లేవు, చీటీలు పెట్టేదానికి జేబులు లేవు, అందుకే ఈ సంచులు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య పూలకి పోయిన దారిలో ఒకసారి పోవాల పాపా అని సంక్రాంతికి అడిగినాడు, ఫిబ్రవరిలో లీవ్ పెట్టి హైదరాబాద్ నుంచి వచ్చినా.

ఓర్వకల్లు దగ్గర టీ, బేతంచెర్ల దాటేటప్పుడు రోడ్డుకి రెండు పక్కలా బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలు, చెట్ల ఆకులకి కూడా తెల్ల దుమ్ము. మా ఇంటి కింద పరిచింది కూడా ఈ బండలే. బేతంచెర్లలో ఉగ్గాని బజ్జీ తిన్నాం. హోటలాయనకి మొదటి సంచి. "ఎంత?" అన్నాడు. నాయన "ఏం లేదప్పా, దాని జేబులో కాగితముంది, తీరినప్పుడు చదువుకో" అన్నాడు. ఆయన కాగితం తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టి, సంచిలో కరివేపాకు వేసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, నాయనకి మాత్రం చాలా తృప్తి.

సాయంత్రానికి బనగానపల్లె. కొత్త జిల్లాలొచ్చినాక 2022 నుంచి ఇది నంద్యాల జిల్లా, మా అమ్మకి మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే. 1948 దాకా ఇది నవాబుల సంస్థానం. అమ్మకి సినిమా తీసిన బంగళా చూడాలని ఉన్నింది, చీకటి పడిందని కుదర్లేదు.

రెండో రోజు: రవ్వలకొండ, నేలమఠం, యాగంటి

బ్రహ్మంగారు 1608లో పుట్టి 1693లో జీవసమాధి అయినారని మఠాల్లో చెప్పే లెక్క. వయసులో ఉన్నప్పుడు బనగానపల్లె వచ్చి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో ఆవులు కాసినాడు. పొద్దున ఆవుల్ని రవ్వలకొండకి తోలుకుపోయి, చుట్టూ గిరి గీసి, అవి ఆ గీత దాటకుండా మేస్తా ఉంటే ఆయన గుహలో కూర్చొని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవాడంట. అచ్చమ్మ వెనకాలే పోయి చూసి, మా ఆవుల కాపరి ఎవరో అప్పుడు తెలుసుకోని కాళ్ళ మీద పడింది. ఈ కథ నాయన నాకు కాజాలు కుట్టుకుంటా కనీసం వంద సార్లు చెప్పింటాడు, కానీ గుహలో నిలబడి వింటే వేరేగా ఉంది. లోపల ఉక్కపోత, గబ్బిలాల వాసన, తల వంచుకోని నడవాల. నాయన డెబ్భై నాలుగేండ్ల మనిషి, నాకంటే ముందు దూరిపోయినాడు.

బయటికొచ్చేసరికి ఒక కుర్రోడు సెల్ఫీ స్టిక్కుతో వీడియో తీసుకుంటా ఉన్నాడు, యూట్యూబ్ ఛానెల్ అంట. నాయన చేతిలో తంబుర చూసి వచ్చి పట్టుకున్నాడు. "తాతా, కాలజ్ఞానంలో కరోనా గురించి ముందే చెప్పినాడంట గదా, ఇంగ ముందు ఏమేం జరుగుతాయో రెండు మాటలు చెప్పు."

నాయనకి ఎప్పుడన్నా కోపం వచ్చిందంటే ఈ ఒక్క విషయంలోనే. ఫ్యామిలీ గ్రూప్‌లో మా మామ కాలజ్ఞానం ఫార్వర్డులు పెడితే నాయన గ్రూప్‌లోంచి బయటికి పోయినాడు, మళ్ళీ చేర్చేదానికి నెల పట్టింది. ఆ అబ్బోడితో మాత్రం నెమ్మదిగానే అన్నాడు. "రేపు ఏమైతాదో చెప్తే లక్ష మంది చూస్తారు లేరా నీ వీడియో. నీ పక్కింటోడు ఈ పొద్దు తిన్నాడో లేదో నీకు తెల్సునా?" ఆ అబ్బోడు కెమెరా ఆపి "తాతా అది కాదు, ఒక్క బైట్" అన్నాడు. నాయన తంబుర మీటి ఒక తత్వం ఎత్తుకున్నాడు, కులం ఏడుందిరా ఈ తోలు తిత్తిలో అనే అర్థమొచ్చేది. నాలుగు నిమిషాలు పాడినాడు, ఆ అబ్బోడు రెండో నిమిషానికే స్టిక్కు మడిచేసినాడు. అయినా సంచి తీసుకోనిపోయినాడు, చార్జర్ వేసుకునేదానికి బాగుంటుందని.

నాకు అప్పుడు అనిపించింది, ఇన్నేండ్లలో నాయన ఎవరికీ జోస్యం చెప్పలేదు, మొక్కుకో అనలేదు, మా దాంట్లోకి రా అని కూడా అనలేదు. ఆయన పంచింది ఎప్పుడూ తత్వమే. వన్ టౌన్‌లో మా గిరాకీ సగం మంది సాయిబులు, వాళ్ళ చొక్కాల్లో అడగకుండా చీటీ పెట్టేవాడు కాదు. ఒకసారి ఒక ముసలాయన పఠానీ సూటు తీసుకోని జేబులు తడిమి "ఏం మాస్టర్, మాకు లేదా?" అన్నాడు, నాయన పది నిమిషాలు కూర్చోబెట్టి సిద్ధయ్య మాట ఒకటి రాసిచ్చినాడు. సిద్ధయ్య దూదేకుల ఇంట్లో పుట్టినోడు, పీరు సాహెబు కొడుకు. బ్రహ్మంగారి శిష్యుల్లో కక్కయ్య మాదిగ. నాయనకి ఈ రెండు పేర్లే ముఖ్యం, మహిమలు గిహిమలు తర్వాత.

నేలమఠం, చింతామణి మఠం చూసినాం. రాసిన తాటాకులు ఇక్కడే పాతిపెట్టి పైన చింతచెట్టు నాటినారని చెప్తారు. పూలమ్మే ఆమెకి, చెప్పులు చూసుకునే పిల్లోడికి, ఆటో ఆయనకి సంచులు.

మధ్యాన్నం యాగంటి. కోనేట్లో నీళ్ళు కొండలోంచి ఏడాది పొడుగునా వస్తానే ఉంటాయి, అమ్మ కాళ్ళు పెట్టుకోని గంట కూర్చుంది, ఇంగ లేవదనుకున్నాం. నంది పెరుగుతా ఉందని నమ్మకం, కలియుగం చివర్లో లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం మాట. యాగంటిలో కాకులు ఉండవంటారు. నేను చాలాసేపు చూసినా, నిజంగానే ఒక్కటి కూడా కనబళ్ళేదు. కోతులు మాత్రం ఒక సంచి ఎత్తుకుపోయినాయి, చీటీతో సహా. అవి కూడా చదువుకుంటాయిలే అన్నాడు నాయన.

మూడో రోజు: పూలు, శనగలు, పంక్చరు

ఈ రోజు కోసమే నాయన వచ్చింది. బ్రహ్మంగారు కందిమల్లాయపల్లెలో సమాధిలోకి పోయేరోజు, పక్కన ఉంటే తట్టుకోలేడని సిద్ధయ్యని పూజకి పూలు తెమ్మని బనగానపల్లె పంపినాడు. సిద్ధయ్య పూలు తీసుకోని తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది, సమాధి మూసేసినారు. తల బాదుకోని ఏడుస్తా ఉంటే గురువు మళ్ళీ బయటికొచ్చి కనపడి దండం, పాదుకలు, ఉంగరం ఇచ్చినాడని కథ. మఠాల్లో ఈ ఘట్టం పాడేటప్పుడు ఏడవని మనిషిని నేను చూళ్ళేదు, నాకు పెద్దగా నమ్మకం లేకపోయినా గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

పొద్దున్నే మార్కెట్లో నాయన రెండు కిలోల చామంతులు, బంతిపూలు తీసుకున్నాడు. అమ్మ "కందిమల్లాయపల్లెలో పూలు దొరకవా" అంది. నాయన ఏం మాట్లాడలేదు, తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. సిద్ధయ్య ఎన్ని రోజులు నడిచినాడో, మేం మాత్రం ఏసీ కారులో.

కోయిలకుంట్ల దాకా రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడి, శనగ కోతలు నడుస్తా ఉన్నాయి, పచ్చి శనగ చెట్లు కట్టలు కట్టి రోడ్డు మీద అమ్ముతా ఉన్నారు. ఒక కట్ట కొని అమ్మ దారంతా ఒలుస్తా ముందు సీట్లోకి అందిస్తా ఉంది. ఆళ్ళగడ్డ వచ్చేసరికి రోడ్డు పొడుగునా శిల్పాల అంగళ్ళు, సగం చెక్కిన ఆంజనేయులు, మొహం ఇంకా రాని వినాయకులు. నాయన ఒక అంగడి దగ్గర కారు ఆపించి శిల్పితో అరగంట మాట్లాడినాడు, దేవుడి గురించి కాదు, ఉలికి పదును పెట్టేదాని గురించి, కత్తెరకి పదును పెట్టేదాని గురించి. పనిచేసేవాళ్ళు ఇద్దరు కలిస్తే ఇంతే. చివర్లో సంచి. శిల్పి మెడలో రుద్రాక్ష, గోడ మీద బ్రహ్మంగారి పటం, ఇంగ చీటీ ఎందుకు అనుకున్నా, కానీ ఆయన చదివి "దీంట్లో రెండో లైను మా నాయన వేరేగా పాడేవాడు" అన్నాడు, మళ్ళీ అరగంట.

చాగలమర్రి దాటినాక టైరు పంక్చరు. ఎండ ఎక్కింది. పంక్చరు షాపులో ఇరవై ఏండ్ల సాయిబుల అబ్బాయి, టైరు విప్పుతా ఉంటే నాయన స్టూలు మీద కూర్చొని సంచి చేతిలో పెట్టినాడు. ఆ అబ్బాయి "తాతా, నాకు తెలుగు చదవడం రాదు, ఉర్దూ మీడియం, అదీ ఐదు వరకే" అన్నాడు. నేను చదివి వినిపిస్తా అన్నా, నాయన వద్దన్నాడు. టైరు లోపల ఎక్కడ బొక్క ఉందో నీళ్ళల్లో పెట్టి బుడగలు చూస్తా ఉంటే, "నాయనా, బయట నున్నగా ఉన్నా లోపల గాలి యాడ పోతాందో చూస్తాండావ్ గదా, దాంట్లో రాసింది అదే" అన్నాడు. ఆ అబ్బాయి నవ్వి, అర్థమైందో లేదో, "దీనికి ముల్లు దిగింది" అన్నాడు. నూట యాభై పూర్తిగా తీసుకున్నాడు, ఒక్క రూపాయి తగ్గించలేదు. మేం కారెక్కినాక పరిగెత్తుకోని వచ్చి ఇంకో సంచి అడిగినాడు, పెళ్ళాం కూరగాయలకి పోతుందంట.

మైదుకూరు, అక్కడ్నుంచి కందిమల్లాయపల్లె చేరేసరికి సాయంత్రం ఐదు. ఇప్పుడు అందరూ బ్రహ్మంగారి మఠం అనే అంటారు. దారిలో బ్రహ్మంసాగర్ రిజర్వాయర్, 17 టీఎంసీలు పట్టే చెరువు, తెలుగుగంగ నీళ్ళు. పూలు వాడిపోయినాయి. తడిగుడ్డ ఎప్పుడో ఆరిపోయింది, పంక్చరు దగ్గర దాన్ని తడపాలని ఎవరికీ తోచలేదు.

నాలుగో రోజు: మఠం

పూజారిని నాయన చిన్న పిల్లోడిలా అడిగినాడు, "వాడినవి పెట్టొచ్చా స్వామీ?" పూజారి చూసి "యాడ నుంచి?" అన్నాడు. బనగానపల్లె అన్నాడు నాయన. పూజారి ఇంకేం అడగలేదు, తీసుకున్నాడు. ఈ దారిలో పూలు తెచ్చేవాళ్ళు నాయనొక్కడే కాదని అప్పుడు అర్థమైంది.

ఈ ఊర్లోనే బ్రహ్మంగారు వడ్రంగం చేసి బతికినాడు, ఆయన తవ్వినాడని చెప్పే బావి ఉంది. ఆయన మనవరాలు ఈశ్వరమ్మ మఠం కూడా ఇక్కడే. వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన, అప్పుడు అడుగు పెట్టేదానికి జాగా ఉండదు, ఇప్పుడు ఫిబ్రవరిలో ఖాళీగా ఉంది, కుక్కలు మెట్ల మీద పడుకోనున్నాయి.

మధ్యాన్నం కారందోసె తిన్నాం, అమ్మకి కారం ఎక్కువై కళ్ళల్లో నీళ్ళు. రూంలో నీళ్ళు రాలేదు, అడిగితే మోటారు కాలిందన్నారు, రెండు బకెట్లు నేనే మోసుకోని తెచ్చినా.

రాత్రి మంటపంలో నాయన, ఇంకా ఎవరెవరో, అనంతపురం వైపు నుంచి వచ్చిన భజన గుంపు ఒకటి, చిడతలు, తాళాలు, డక్కి. పదకొండు దాటినా ఆగలేదు. అమ్మ నిద్రపోయింది. మధ్యలో టీ తాగేటప్పుడు అడిగినా, నీకు ఇదంతా ఎట్లా మొదలైంది అని. ఇన్నేండ్లలో ఎప్పుడూ అడగలేదు, ఆయన దానంతట ఆయన చెప్పలేదు.

ఆయనకి ఇరవై ఏండ్లున్నప్పుడు మా తాత చనిపోయినాడంట. అప్పులు, చుట్టాలు ఎవరూ రాలేదు, శవం పక్కన మా అవ్వ, నాయన ఇద్దరే. రాత్రి తొమ్మిదికి నలుగురు మనుషులు తలుపు దగ్గర నిలబడి "పాడమంటారా?" అని అడిగినారంట. ఎవరు పిలిచినారో తెలీదు. తెల్లారేదాకా తత్వాలు పాడినారు. అన్నం వండుతామంటే వద్దన్నారు, చావింట్లో పొయ్యి వెలిగించగూడదు గదా అని వాళ్ళే గుర్తు చేసినారు. వాళ్ళల్లో ఒకాయన పరుపులు కుట్టే దూదేకుల తాత. మరుసటి వారం నాయన వెతుక్కుంటా ఆయన అంగడికి పోయినాడు, తత్వాలు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు, గట్టి కుట్టు ఎట్లా వేయాలో కూడా. అప్పట్నుంచి వన్ టౌన్‌లో ఎవరింట్లో చావైనా నాయన పిలవకుండానే పోతాడు. చిన్నప్పుడు రాత్రిళ్ళు మంచం ఖాళీగా ఉంటే అమ్మ "యాడో చావింటికి పోయుంటాడు" అనేది, నాకు భయమేసేది, కొంచెం అసహ్యం కూడా. దూదేకుల తాత కోసమని ఎవరూ చెప్పలేదు.

నేను కూడా చెప్పేద్దామనుకున్నా, ఆ ఎనిమిదో తరగతి సంగతి. నోరు తెరిచేలోపల ఆయనే అన్నాడు, "ఒక నెల చీటీల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు పాపా. తిట్టేవాళ్ళు తిట్టలేదు, నవ్వేవాళ్ళు నవ్వలేదు. అప్పుడే తెల్సింది నాకు. అందుకే తర్వాత నేనే పెట్టుకున్నా, నీకు గుండీలే ఇచ్చినా, గ్యాపకముందా?" నాకు గ్యాపకముంది, పరీక్షలని తప్పించినాడనుకున్నా ఇన్నేండ్లు. ఏం చెప్పాలో తెలీలేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ తంబుర తీసుకున్నాడు, వాళ్ళు అప్పటికే ఎత్తుకున్నారు.

ఐదో రోజు: ముడుమాల, ఇంటికి

ముడుమాల సిద్ధయ్య మఠం చిన్నగా ఉంటుంది, బ్రహ్మంగారి మఠం అంత జనం రారు. నాయన అక్కడ ఏం పాడలేదు, ఎవరితో మాట్లాడలేదు, అరగంట కూర్చున్నాడు. నేను ఫోన్ కూడా తీయలేదు.

బయట చెట్టు కింద బొరుగులు అమ్ముకునే ఒక ముసలామెకి సంచి ఇచ్చినాడు. ఆమె లోపలా బయటా తిప్పి చూసి, కుట్లు లాగి చూసి, చీటీ తీసి కొంగున ముడేసుకోని, "కుట్టు బాగుండాది గానీ నాయనా, జిప్పు పెట్టింటే బాగుండు, చిల్లర పడిపోతాది" అంది. నాయన మొహం చూడాలి. నలభై రెండేండ్ల టైలర్‌కి గిరాకీ వంక పెడితే ఎట్లా ఉంటుందో అట్లా. కొలత కోసం ఆమె చిల్లర పట్టేంత జేబు ఎంతుండాలో అక్కడే జానతో కొలిచినాడు, పోస్టులో పంపిస్తా అన్నాడు, ఆమె అడ్రస్ నా ఫోన్లో ఎక్కించమన్నాడు. ఆమె ముడుమాల మఠం ముందర బొరుగులామె అంటే పోస్టాయన ఇస్తాడంది.

తిరుగు దారి హైవే, మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల, కర్నూలు. ఈసారి ఎక్కడా ఆగలేదు, నంద్యాల దగ్గర భోజనం తప్ప. అమ్మ లెక్కపెట్టింది, సంచులు పదకొండు మిగిలినాయి.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నామో లేదో, నాయన మిషన్ మీద కప్పిన దుప్పటి తీసినాడు. రెండేండ్ల తర్వాత. బెల్టు సాగింది, నూనె లేక కీచుమంటుంది. నన్ను లేపి బజారుకి పంపినాడు, నాలుగంగుళాల జిప్పు, రన్నర్ స్టీలుదే ఉండాల, ప్లాస్టిక్‌ది వద్దు. అంగట్లో ఆయన విడిగా ఒకటి ఇయ్యను, డజను తీసుకోవాలన్నాడు. నాయనకి ఫోన్ చేస్తే, తీసుకో అన్నాడు, మిగిలిన పదకొండుకి కూడా వేద్దామని.